పిడి మనది, ఉక్కు కమ్మరిది

(హనుమకొండలో అడవి నడకల మిత్రులు ఒక ఆదివారం సాయంత్రం కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం.

బల్లమీద పదకొండు కత్తులు పరిచాను. మాట్లాడటం అయిపోయాక ఒక్కొక్కటే మీ చేతికిస్తాను, తొందరేం లేదు. అప్పటిదాకా ముందు వరుసలో ఉన్న పిల్లల్ని కాస్త పట్టుకోండి. వీటిలో మొండిది ఒక్కటీ లేదు.

నాది వరంగల్ ఆటోనగర్‌లో లేత్ పని. ఇరవై ఏళ్లు దాటింది. కత్తులు పోగేయడం మొదలై పధ్నాలుగేళ్లు. మడత కత్తుల జోలికి నేను పోను. నాకు ఇష్టమైనవి ఫిక్స్‌డ్ బ్లేడ్ కత్తులు. మడత ఉండదు, స్ప్రింగు ఉండదు, బ్లేడూ పిడిలోపలికి పోయే తోకా ఒకటే ముక్క. కొయ్య చెక్కినా, తాడు కోసినా, పుల్లలు చీల్చినా ఊగదు. మన ఇళ్లలో కొడవలి, కత్తిపీట రెండూ ఈ జాతివే కదా. అందుకే కొత్త హాబీ పట్టుకున్నానని నాకెప్పుడూ అనిపించలేదు. చిన్నప్పుడు చూరులో దోపి ఉన్న కత్తినే మళ్లీ వెతుక్కుంటున్నట్టు ఉంటుంది.

ఆ చూరులోని కత్తితోనే మొదలుపెడతాను. ఇదిగో, ఈ కొసన ఉన్నది. మా తాతది. ములుగు వైపు మా ఊరి కమ్మరి చేసిచ్చాడు. లారీ కమాను పట్టీ ముక్కను కొలిమిలో కాల్చి సాగదీసి చేసినది. అప్పట్లో డబ్బులిచ్చే పని లేదు, పంట ఇంటికొచ్చినప్పుడు కమ్మరికి మేర కొలిచేవాళ్లు. పిడి తుమ్మకర్ర. తాత పోయాక బాపు దగ్గర, తర్వాత నా దగ్గరికి వచ్చింది. అప్పటికి నాకు ఈ పిచ్చి కొత్త. ఫోన్లో విదేశీ కత్తుల ఫొటోలు చూసేవాణ్ని. అద్దంలా మెరుస్తుంటాయి. దీన్ని కూడా అట్లా చేద్దామనుకున్నాను. ఒక పొద్దున షాపు తెరవగానే ఆంగిల్ గ్రైండర్ తీసుకుని దీనిమీద పెట్టాను.

దగ్గరున్నవాళ్లు చూడండి, వెనకున్నవాళ్లకు తర్వాత చూపిస్తాను. బ్లేడు పైభాగంలో ఇక్కడ, పిడి దగ్గర, చిన్న చిన్న గుంటలు కనబడుతున్నాయా? అవి సుత్తె దెబ్బలు. ఒకదాని పక్కన ఒకటి, వరసగా. ఆ కమ్మరి చెయ్యి ఎట్లా నడిచిందో అందులో చదవొచ్చు. ఇక ఇక్కణ్ణుంచి కొసదాకా ఏమీ లేదు, నున్నగా ఉంది. అంతా నేను తీసేశాను. అది ఒక నష్టం. రెండోది అంతకంటే పెద్దది. వాదర, అంటే కోసే అంచు, వెంబడి రుద్దుతుంటే మొదట లేత గడ్డి రంగు వచ్చింది. బాగుంది అనుకున్నా. అది గోధుమ రంగుకు తిరిగింది, తర్వాత ఊదా, ఆ వెంటనే నీలం. ఉదయపు ఎండలో నెమలి మెడలా మెరిసింది. చేతిలో గ్రైండరుతో నేను దాన్ని చూసి సంబరపడ్డాను. ఇనుము పని చేసేవాణ్ని అయ్యుండి కూడా.

ఆ నీలం అంటే ఏమిటో చెప్తాను. ఉక్కును ఎర్రగా, సుమారు 800 డిగ్రీలు దాటేదాకా కాల్చి నూనెలోనో నీళ్లలోనో ముంచితే గట్టిపడుతుంది. ఎంత గట్టి అంటే కిందపడితే గాజులా పగిలేంత. అందుకని దాన్ని మళ్లీ 200 డిగ్రీల చుట్టుపక్కల కాసేపు వేడిచేసి ఆ పెళుసుదనం తగ్గిస్తారు. కత్తికి ఉండాల్సిన గట్టిదనం అక్కడ స్థిరపడుతుంది. ఆ తర్వాత ఎప్పుడు అంతకు మించి వేడి తగిలినా గట్టిదనం దిగిపోతూ ఉంటుంది. మన కంటికి అది రంగుల్లో కనబడుతుంది. 220 దగ్గర లేత గడ్డి రంగు, 260 దగ్గర గోధుమ, 280 దగ్గర ఊదా, 300 దగ్గర నీలం. నీలం తిరిగిన వాదర స్ప్రింగుకు పనికొస్తుంది, కోతకు పనికిరాదు. గ్రైండర్ కింద సన్నటి అంచు అక్కడికి చేరడానికి రెండు మూడు సెకన్లు చాలు. వీధుల్లో సాన పట్టేవాళ్లను కూడా నేను ఈ ఒక్క మాటే అడుగుతాను: అన్నా, చక్రం మెల్లగా తిప్పు, మధ్యమధ్య నీళ్లలో ముంచు.

కత్తి తీసుకుని ఊరికి పోయాను. అప్పటికి ఆ కమ్మరి కాక బాగా ముసలివాడయ్యాడు, కొలిమి మానేశాడు. అరుగుమీద కూర్చుని కత్తిని చేతిలోకి తీసుకుని, బొటనవేలు వాదరకు అడ్డంగా ఆనించి, వెలుగుకు పెట్టి చూశాడు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “మీ తాత చేతుల నలభై ఏండ్లు ఉన్నది బిడ్డా ఇది. నువ్వు ఒక్క పొద్దుల దీని పాణం తీసినవ్” అన్నాడు. కోపంగా అనలేదు. కత్తి మళ్లీ నా చేతికిచ్చేటప్పుడు పిడి నావైపు తిప్పి ఇచ్చాడు, ఎప్పటిలాగే.

ఆ రోజునుంచి నాకో కట్టుబాటు ఉంది. మీకు చెప్పడానికి వచ్చింది కూడా అదే. కత్తిని మన చేతికి తగ్గట్టు మార్చుకోవచ్చు, మార్చుకోవాలి కూడా. పిడి మార్చండి, ఒర మార్చండి, తాడు కట్టండి. ఉక్కును మాత్రం చేసినవాడు ఎట్లా వదిలాడో అట్లాగే ఉంచండి. రాయిమీద పదును పెట్టుకోవడం వేరు, అది కత్తికి తిండి లాంటిది. సుత్తె దెబ్బలు, కొలిమి నలుపు, ముద్ర, బ్లేడు ఆకారం, వీటిని ముట్టుకునే హక్కు నాకు లేదని నా నమ్మకం. ఫ్యాక్టరీలో వేలల్లో తయారైన కత్తి అయితే మీ ఇష్టం, ఏమైనా చేసి నేర్చుకోండి. ఒక మనిషి ఒక్కసారి చేసిన కత్తి అయితే చెయ్యి ఆపండి.

దీనిమీద ఇంత పట్టుదల ఎందుకంటే, మనం ఉన్న నేల అటువంటిది. నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అనే ఊరుంది. ఆ చుట్టుపక్కలే కమ్మర్‌పల్లి అని కూడా ఉంది, పేరులోనే కమ్మరి ఉన్నాడు. కోనసముద్రంలో తయారైన ఉక్కు ముద్దలు పర్షియాదాకా పోయేవి. ప్రపంచం డమాస్కస్ కత్తులని చెప్పుకునే వాటి వెనక మన దక్కను ముడి ఉక్కు కూడా ఉంది. 1820లలో హెన్రీ వోయిసీ అనే సర్వే శాఖ వైద్యుడు, భూగర్భ శాస్త్రం తెలిసినవాడు, కోనసముద్రం వచ్చి ఆ తయారీ చూసి రాసిపెట్టాడు. ఆయన పోయాక 1832లో అది అచ్చయింది. పర్షియా వర్తకులు అక్కడికి వచ్చి ఉక్కు కొనుక్కుని పోయేవాళ్లని అందులో ఉంది.

చేసే పద్ధతి చెప్తే మీకు ఆశ్చర్యం వేస్తుంది. వడ్ల ఊక కలిపిన మట్టితో మూసలు, అంటే ఇనుము కరిగించే పాత్రలు, చేసేవాళ్లు. మన పొలాల్లో ఊకకు కొదవా? ఊక కాలిపోతే మూసలో సన్నటి రంధ్రాలు, కర్బనం మిగిలి, ఆ భయంకరమైన వేడికి మూస పగలకుండా నిలబడేది. అందులో ఇనుము ముక్కలు వేసి, మూత పెట్టి, మట్టితో మూసి, రాత్రీ పగలూ తిత్తులు ఊదేవాళ్లు. లోపల ఇనుము కర్బనం పీల్చుకుని కరిగేది. తర్వాత మెల్లగా చల్లారనిచ్చేవాళ్లు. వచ్చిన ముద్దలో కర్బనం ఒకటి నుంచి రెండు శాతం దాకా ఉంటుంది. లారీ కమాను పట్టీలో ఉండేది సుమారు అర శాతం. తేడా చూడండి.

ఇంగ్లిషువాళ్లు దీన్ని ‘వూట్జ్’ అన్నారు. 1795లో జార్జ్ పియర్సన్ అనే ఆయన లండన్ రాయల్ సొసైటీకి ఆ పేరుతోనే పత్రం సమర్పించాడు. అది మన ‘ఉక్కు’ అన్న మాట వాళ్ల నోట్లో పడి మారిన రూపమని పండితులు చెప్తారు. ఇక డమాస్కస్ కత్తులమీద నీళ్ల అలల్లా కనబడే గీతల రహస్యం చాలాకాలం తేలలేదు. 1998లో జాన్ వెర్‌హోవెన్ అనే అమెరికా శాస్త్రవేత్త, ఆల్ఫ్రెడ్ పెండ్రే అనే కత్తుల కమ్మరి కలిసి ప్రచురించిన పరిశోధనలో, ముడి ఇనుములో వనేడియం లాంటి లోహాలు అతి స్వల్పంగా ఉండటమే ఆ గీతలు వరసల్లో ఏర్పడటానికి ముఖ్య కారణమని చూపించారు. ఒక శాస్త్రవేత్తా ఒక కమ్మరీ పక్కపక్కన పనిచేస్తే తప్ప అది తేలలేదు. ఆ మాట నాకు ఎంతో నచ్చుతుంది.

2010లో బెంగళూరు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి మన ఉత్తర తెలంగాణ ఊళ్లలో సర్వే చేశాయి. ఇనుము కరిగించాక మిగిలిన చిట్టెం దిబ్బలు, పగిలిన మూసలు, కొలిమి గోడల ముక్కలు, ఇట్లాంటివి నమోదు చేశాయి. మంచిదే. కానీ ఆ ఉక్కు చేసిన వందలమంది కమ్మరుల్లో ఒక్కరి పేరు చెప్పండి. నాకు తెలియదు, మీకూ తెలియదు. చిట్టెం మిగిలింది, మనిషి పేరు మిగలలేదు. మా తాత కత్తి చేసిన కాక పేరు కూడా రేపు అట్లాగే పోతుంది, ఎవరో ఒకరు రాసిపెట్టకపోతే.

అందుకని ఈ నోటు పుస్తకం. సంతలో దొరికే మామూలు రెండువందల పేజీల పుస్తకమే. ఒక్కో కత్తికి ఒక పేజీ. ఎవరు చేశారు, ఏ ఊరు, ఏ ముక్కతో చేశారు, ఎవరి ఇంట్లో ఎన్నేళ్లు ఉంది, నాకు ఎట్లా వచ్చింది, నేను ఏం మార్చాను, ఎప్పుడు మార్చాను. తీసేసిన పాత పిడిని కూడా పారేయను. గుడ్డసంచిలో వేసి అదే నంబరు రాసి పెడతాను. ఏటా దసరాకు అన్నీ బయటికి తీసి తుడిచి, నూనె రాసి, జమ్మి ఆకు పెట్టాక ఆ ఏడాది మార్పులు రాస్తాను. కొత్తగా సేకరణ మొదలుపెట్టేవాళ్లు కత్తి కొనేముందు ఈ పుస్తకం కొనండి.

సరే, ఏ కత్తులు కొనాలి?

మొదటిది మన ఊరి కమ్మరి దగ్గరే చేయించుకోండి. ఇప్పటికీ కొలిమి నడుస్తున్న ఊళ్లు ఉన్నాయి. పక్కన కూర్చుని చేయించుకోండి. ఏ ముక్క తీస్తున్నాడో చూడండి. కమాను పట్టీ అయితే మంచిది, దెబ్బకు ఓర్చుకుంటుంది. పాత బేరింగు ఉక్కు అయితే కర్బనం ఒక శాతం దాకా ఉంటుంది, పదును ఎక్కువ నిలుస్తుంది, కానీ కొట్టడం కష్టం. భవనాల్లో వాడే సలాకలతో చేస్తానంటే వద్దనండి, అది గట్టిపడదు.

రెండోది, స్వీడన్ కత్తి. డాలార్నా ప్రాంతంలో మోరా అనే ఊరు పేరుతోనే వస్తాయి. ఇదిగో, ఈ ఆకుపచ్చ ప్లాస్టిక్ పిడిది. చూడటానికి ఏమీ ఉండదు. మందం రెండున్నర మిల్లీమీటర్లు, పొడవు పది సెంటీమీటర్ల పైచిలుకు. స్టెయిన్‌లెస్ రకంలో వాడే ఉక్కు 12సీ27, అందులో కర్బనం 0.6 శాతం, క్రోమియం పదమూడున్నర. దీని గొప్ప ఏమిటంటే, పదును పెట్టడం నేర్పుతుంది. బ్లేడు పక్కన ఈ వెడల్పాటి ఏటవాలు కనబడుతోంది కదా, దాన్ని రాయిమీద పూర్తిగా ఆనించి రుద్దితే చాలు, కోణం అదే వస్తుంది. నేను పదును పెట్టడం నేర్చుకున్నది దీనిమీదే. ఖరీదైన కత్తులు చాలా వచ్చి పోయాయి, ఇది మాత్రం నా సంచిలోంచి కదల్లేదు.

మూడోది నేపాల్ ఖుకురీ. ఇది చూస్తే నాకు మన కమ్మరులు గుర్తొస్తారు. అక్కడ కూడా వాహనాల కమాను పట్టీలే. కాల్చిన కత్తిని మొత్తంగా ముంచకుండా, కెటిల్‌తో నీళ్లు సన్నటి ధారగా వాదర వెంబడే పోస్తారు. అంచు గట్టిపడుతుంది, వీపు మెత్తగా ఉండిపోతుంది. దెబ్బ పడితే వీపు ఓర్చుకుంటుంది. ఒక కెటిల్, ఒక చెయ్యి, ఇంతే. దానికోసం మనం లక్షల రూపాయల ఫర్నేసు పెట్టుకుంటాం.

ఇంకోటి, ఇది గీత కత్తి. తాళ్లెక్కే గౌడన్నల ముస్తాదులో, అంటే చెట్టెక్కే సామగ్రిలో ఉండేది. ఒక పెద్దాయన ఎక్కడం మానేశాక నాకిచ్చాడు. దీని పదును ముందు మన సంచుల్లో ఉన్నవేవీ నిలవవు, ఎందుకంటే తాటి గెలను రోజూ కాగితమంత పలచగా కోయాలి. పొర మందమైతే గెల తొందరగా అయిపోతుంది, మొండిగా కోస్తే కల్లు సరిగా రాదు. దీన్ని నేను ఏమీ మార్చలేదు, మార్చను. పిడిమీద ఆయన వేళ్లు పట్టిన చోట గుంట పడి ఉంది. తర్వాత పట్టుకుని చూడండి, మీ వేళ్లు వాటంతట అవే అక్కడికి పోతాయి.

కొనకూడనిది కూడా చెప్పాలి. డమాస్కస్ పేరుతో అమ్మేవాటిలో చాలావరకు మన కోనసముద్రం ఉక్కుకు చుట్టం కూడా కాదు. రెండు రకాల ఉక్కు పొరలను కలిపి కొట్టి, ఆమ్లంలో ముంచితే గీతలు తేలతాయి. నికెల్ ఉన్న పొర తెల్లగా, లేనిది నల్లగా. మంచి కమ్మరి చేస్తే అది కూడా గొప్ప పనే, నేను కాదనను. కానీ చవకవాటిలో గీతలు పైపైన అచ్చువేసినవి ఉంటాయి. కనిపించని మూలలో సన్నటి గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ ఆ ఆమ్లంలాగే పనిచేసే ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేసి చూడండి. నిజమైన పొరలైతే గీత తిరిగొస్తుంది. అచ్చు అయితే పోయిందే పోయింది.

ఇక పిడి. నాకు ఎక్కువ ఇష్టమైన పని ఇది. అందుకే ఎక్కువ మాట్లాడతాను, ఓపిక పట్టండి.

మన దగ్గర కర్రకు కొరత లేదు. పనిముట్ల పిడికి మన పెద్దవాళ్లు తుమ్మ ఎందుకు వాడారో నేను పది రకాలు చెక్కి చూశాక అర్థమైంది. గట్టిది, దెబ్బకు చీలదు, చెమట తగిలినా జారదు. చింత చేవ కూడా మంచిదే, కానీ చెక్కేవాడి ఉలిని తినేస్తుంది. టేకు తేలిక, నూనె గుణం ఉంటుంది, నీటికి ఓర్చుకుంటుంది. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి కర్ర చూసి ముచ్చటపడి దానితో చేయకండి, గోరు గుచ్చితే దిగుతుంది, అది బొమ్మలకే. కర్ర పాత తలుపులనుంచి, విరిగిన ఎడ్లబండి చక్రాలనుంచి తెచ్చుకోండి. బాగా ఎండి ఉంటుంది, తర్వాత వంకర పోదు, అడవిలో చెట్టు జోలికి పోయే పనే ఉండదు. ఈ మూడో కత్తి పిడి మా అమ్మమ్మ ఇంటి దర్వాజా ముక్క.

కొమ్ము పిడి కావాలంటే బర్రె కొమ్ము వాడుకోండి. సానబెడితే నల్లగా నిగనిగలాడుతుంది. దుప్పి కొమ్ము, జింక కొమ్ము మాత్రం ముట్టుకోవద్దు. అడవిలో రాలి పడి ఉన్నదే తెచ్చానన్నా చట్టం ఒప్పుకోదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. నాకు ఒకరు కానుకగా ఇవ్వబోతే దండం పెట్టి వెనక్కిచ్చాను.

గుడ్డతో చేసే పిడి గురించి చెప్తాను. మైకార్టా అంటారు. గుడ్డ పొరలను ఆరితే గట్టిపడే జిగురైన రెసిన్‌లో తడిపి అదిమి గట్టిపరిచినది. అమెరికాలో 1910 ప్రాంతంలో విద్యుత్ ఇన్సులేషన్ కోసం పుట్టింది. మన ఆటోనగర్‌లో హైలం షీటు అంటే అందరికీ తెలుసు, గుడ్డతో చేసిన హైలం దాదాపు అదే సరుకు. తడిస్తే ఉబ్బదు, ఎండితే పగలదు, తడి చేతికి పట్టు ఇంకా పెరుగుతుంది.

నాకు మన వరంగల్ జంపఖానాతో ఒక పిడి చేయాలని కోరిక పుట్టింది. 2018లో దానికి జీఐ, అంటే ఆ ప్రాంతపు సొంత సరుకన్న గుర్తింపు కూడా వచ్చింది. కొత్తవాడలో ఒక పాత జంపఖానా చిరిగిన ముక్క తెచ్చుకున్నాను. ఎరుపు, నీలం చారలు. నాలుగు పొరలు ఎపాక్సీ రెసిన్‌లో తడిపి, రెండు చెక్కల మధ్య పెట్టి, సీ-క్లాంపులు బిగించి ఒక రాత్రి వదిలేశాను. పొద్దున కోసి చూస్తే బయట రాయిలా ఉంది, లోపల నూలు తెల్లగా పొడిగా మిగిలింది. జంపఖానా దారం లావు, నేత బిగువు, రెసిన్ మధ్యదాకా ఇంకలేదు. నెల రోజులు ఆలోచించాను. రెండోసారి దారాలను కొంచెం వదులు చేసి, ఒక్కో పొరను విడిగా పళ్లెంలో పరిచి, గోరువెచ్చగా చేసిన పలచటి రెసిన్ పోసి, చేత్తో పిసికి, బుడగలు పోయేదాకా ఆగి, అప్పుడు పేర్చాను. పొరల మధ్య పాత పంచె ముక్కలు వేశాను. చేతికి తొడుగులు తప్పనిసరి, కిటికీలు తెరిచి ఉండాలి. ఈసారి పట్టింది. ఇదిగో, ఏడో నంబరు. ఏటవాలుగా చెక్కినచోట చారలు ఎట్లా వంపు తిరిగాయో చూడండి. నేతగాడు నేసినప్పుడు అవి తిన్నటి గీతలు. పుస్తకంలో ఆ పేజీలో కత్తి చేసిన కమ్మరి పేరు కింద, ఆ జంపఖానా నేసిన ఇంటి పేరు కూడా రాశాను.

పిడి అమర్చడం గురించి కొన్ని మాటలు చెప్తాను, మిగతావి చేస్తూ నేర్చుకుంటారు. పిడి గుండ్రంగా చేయకండి, కోడిగుడ్డు ఆకారంలో చేయండి. గుండ్రంగా ఉంటే చేతిలో తిరిగిపోతుంది, చీకట్లో వాదర ఎటుందో తెలియదు. అతికించేముందు లోహాన్నీ కర్రనూ గరుకు చేసి, స్పిరిటుతో తుడిచి, జిగురు పెట్టాక 24 గంటలు ముట్టుకోకండి. క్లాంపు మరీ బిగిస్తే జిగురంతా బయటికి వచ్చేస్తుంది, లోపల ఏమీ మిగలదు. ఇత్తడి రివెట్లు వేసేటప్పుడు కన్నం ఒక పిసరు వదులుగా ఉండాలి, లేకపోతే కొట్టినప్పుడు కర్ర చీలుతుంది. పిడి రుద్దేటప్పుడు బ్లేడుకు మందపాటి టేపు చుట్టండి. నా ఎడమచేతి మీద ఈ గీత టేపు చుట్టకపోవడం వల్ల పడిందే.

ఒర గురించి ఎక్కువ చెప్పను. మన వానాకాలంలో కత్తిని తోలు ఒరలో పెట్టి దాచకండి. తోలు తేమ పీల్చుకుంటుంది, క్రోమ్‌తో శుద్ధి చేసిన తోలులో లవణాలు ఉంటాయి, రెండు నెలల్లో చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది. ఒర నడకకు మాత్రమే, ఇంట్లో కత్తి బయటే ఉండాలి. కుట్టుమిషన్ నూనె పలచగా రాస్తే చాలు. వంటకు వాడే కత్తి అయితే తినడానికి పనికొచ్చే మినరల్ నూనె. కొబ్బరినూనె కొన్నాళ్లకు కంపు కొడుతుంది, జిగటవుతుంది. కార్బన్ ఉక్కు కత్తితో ఎండాకాలం ఆవకాయకు నాలుగు మామిడికాయలు కోయండి. నల్లగా, నీలంగా మచ్చలు పడతాయి, కంగారుపడి రుద్దకండి. ఆ పొర ఉన్నచోట ఎర్ర తుప్పు తొందరగా పట్టదు.

ఇప్పుడు అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సిన మాట. మీరంతా అడవులకు పోయేవాళ్లు. ఏటూరునాగారం, పాకాల, కవ్వాల్. ఇవి అభయారణ్యాలు. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఆయుధం అన్న మాటకు ఇచ్చిన వివరణలో కత్తి కూడా ఉంది. ముందుగా రాతపూర్వకమైన అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలోకి అడుగుపెట్టకూడదు. మనం పుల్లలు చీల్చుకోవడానికి తెచ్చుకున్నామని చెప్తే చెల్లదు. ఫారెస్టు సిబ్బందికి వేటగాడెవరో, ట్రెక్కరెవరో ముఖం చూసి ఎట్లా తెలుస్తుంది? వాళ్లను ఆ ఇబ్బందిలో పెట్టకండి. అక్కడికి పోయేటప్పుడు నా కత్తి ఇంట్లోనే ఉంటుంది. మంటలు కూడా వేయను. కత్తి పనులన్నీ మా పొలంలో, స్నేహితుల తోటల్లో చేసుకుంటాను.

ఆయుధాల చట్టం 1959 నాటిది. దానికింద 2016లో వచ్చిన నియమాల ప్రకారం, ఇంటిపని, వ్యవసాయం, పరిశ్రమలు, శాస్త్ర ప్రయోగాల కోసం తయారైనవి మినహా, 9 అంగుళాలకంటే పొడవు గానీ 2 అంగుళాలకంటే వెడల్పు గానీ ఉన్న బ్లేడు ఆయుధాల లెక్కలోకి వస్తుంది. అసలు అడవి పనికి నాలుగైదు అంగుళాల బ్లేడు మించి అక్కర్లేదు. పొడుగు కత్తి చేతిలో ఉంటే బాగుందనిపిస్తే, ఆ కోరిక పని గురించి పుట్టింది కాదని తెలుసుకోండి. బజారులో నడుముకు కట్టుకుని తిరగడం, ఫొటోల్లో మనిషివైపు చూపించడం మన మధ్య ఎవరూ చేయొద్దు. అది చేసేవాణ్ని నేను నా బల్ల దగ్గరికి రానివ్వను.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి. ఆ, చెప్పండి అక్కా.

(సభలోంచి ఒకామె: “అన్నా, బజార్ల దొరికే కత్తుల పిడులన్నీ నా చేతికి లావు అయితున్నయి. పట్టు దొరుకుత లేదు. ఏం జెయ్యాలె?”)

చాలా మంచి ప్రశ్న అక్కా. నేనే చెప్పాల్సింది, మర్చిపోయాను. కంపెనీ పిడులు పెద్ద మగవాళ్ల చేతి కొలతకు చేస్తారు. మీరు ఒక పని చేయండి. పిల్లలు ఆడుకునే బంకమట్టి ఉంటుంది కదా, దాన్ని పిడంత ముద్ద చేసి, కొయ్య చెక్కేటప్పుడు ఎట్లా పడతారో అట్లా గట్టిగా పట్టుకుని వదలండి. పట్టుకున్నప్పుడు మధ్యవేలు కొస అరచేతిని ఇట్టే తాకీ తాకనట్టు ఉండాలి. గుచ్చుకుంటే పిడి సన్నం, అందకపోతే లావు. ఆ మట్టి అచ్చును ఎండనిచ్చి నా దగ్గరికి తెండి, లేదా మీ ఊళ్లో వడ్రంగి పని చేసేవాళ్లకు చూపించండి. మా అమ్మాయికి అట్లాగే చేశాను, అది ఎనిమిదో నంబరు. పొడవు పది సెంటీమీటర్లే. మీ చేతికి సరిపోతుందేమో చూద్దాం, ముందు మీరే రండి.

మిగతావాళ్లు ఒక్కొక్కరే వరసలో రండి. కత్తి ఇచ్చేటప్పుడు నేను పిడి మీవైపు తిప్పి ఇస్తాను. పట్టు దొరికాక “పట్టుకున్నా” అని పైకి అనండి, అప్పుడే వదులుతాను. మీరు పక్కవాళ్లకు ఇచ్చేటప్పుడు కూడా అట్లాగే చేయండి. తాత కత్తి చివర్లో ఇస్తాను, నీలం తిరిగిన చోటు చూడాలంటే కిటికీ దగ్గరికి పోవాలి.